మగ్గం పని సామాను దాచుకోవడం: అపోహలు, వాస్తవాలు

విజయనగరంలో మా ఇంట్లోనే ఒక గదిలో మగ్గం పని చేస్తూ, నేర్పుతూ ఉంటాను. నేర్చుకోవడానికి వచ్చేవారు కుట్ల గురించి ఎంత అడుగుతారో, సామాను ఎలా సర్దుకోవాలని కూడా అంతే అడుగుతారు. ఫోనులో చూసిన గదులు వాళ్ల మనసులో ఉంటాయి: గోడ నిండా గాజు సీసాలు, రంగుల వరుసలో దారాలు. చూడటానికి ముచ్చటే. కానీ మన ఉత్తరాంధ్రలో సామాను పాడయ్యేది చిందరవందరగా ఉన్నందుకు కాదు, తేమ వల్ల.

అపోహ: గాలి చొరబడని డబ్బాలో పెడితే ఇక దిగులు లేదు.

ఆ డబ్బా బయటి తేమను లోపలికి రానివ్వదు, నిజమే. లోపల ఉన్న తేమను బయటికి పోనివ్వదు కూడా. ముసురు పట్టిన రోజున జాకెట్టు గుడ్డ మడిచి మూత బిగిస్తే బూజును పెంచినట్టే. పొడిగా ఉన్న రోజు చూసి, గుడ్డను నీడలో బాగా ఆరనిచ్చి అప్పుడు పెట్టండి. సిలికా జెల్ వేయడం మంచిదే గానీ, వేసి మరిచిపోతేనే చిక్కు. తేమ పీల్చి పీల్చి నిండిపోయాక అది ఉన్నా లేనట్టే. రంగు మారే రకం కొంటే నారింజ రంగు గింజలు ఆకుపచ్చగా మారినప్పుడు సంగతి తెలుస్తుంది. వాటిని సన్నని సెగ మీద వేడి చేస్తే మళ్లీ పనిచేస్తాయి. వంట గిన్నెలో మాత్రం వద్దు.

అపోహ: నల్లబడితే అది నకిలీ జరీ.

ఈ మాట ఎంతమంది నోట విన్నానో! అసలు జరీలో ఉండేది వెండి. గంధకం తగిలితే వెండి నల్లబడుతుంది. రాగి తీగతో చేసిన జరీ కూడా నల్లబడుతుంది. ఏళ్ల తరబడి తళతళలాడుతూ ఉండేది ప్లాస్టిక్ పొర జరీ. అంటే మెరుపు చూసి అసలుదని నమ్మడానికీ లేదు, నలుపు చూసి దుకాణదారుతో తగవు పెట్టుకోవడానికీ లేదు.

ఆ గంధకం చాలాసార్లు మన చేతులమీదుగానే వస్తుంది. జరీ కండెలు విడిపోకుండా రబ్బరు బ్యాండు వేస్తాం. రబ్బరు తయారీలో గంధకం కలుపుతారు. కొన్నాళ్లకు విప్పి చూస్తే బ్యాండు ఆనిన చోట సన్నని నల్ల గీత, మిగతా కండె మామూలుగానే! బ్యాండుకు బదులు నూలు దారంతో కట్టి, ఉతికిన పాత మల్లు గుడ్డలో చుట్టండి.

అపోహ: కలరా ఉండలు వేస్తే ఏ పురుగూ రాదు.

చిమ్మెట పిల్లలు తినేది పట్టు, ఉన్ని. శుభ్రమైన నూలు జోలికి అవి రావు. నూలును కొరికే వెండిరంగు పురుగును రప్పించేది గంజి. పొందూరు ఖద్దరు ముక్క దాచాలంటే ముందు గంజి పోయేలా ఉతికి ఆరేయండి, సగం బెడద తీరుతుంది. కలరా ఉండలు కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తాయి కాబట్టి చమ్కీలు, పూసల డబ్బాల్లో అసలు వేయకూడదు. కర్పూరంతో కలిపితే రెండూ కరిగి గుడ్డ మీద మరక పడుతుంది. చంటిపిల్లలున్న ఇంట్లో ఆ ఉండలు లేకపోవడమే మేలు.

అపోహ: అన్నీ కనబడేలా పారదర్శకమైన డబ్బాల్లోనే ఉండాలి.

పూసలకు సరే. దారాలను కిటికీ పక్కన అలా పెడితే ఎండకు వెలిసిపోతాయి, ముఖ్యంగా గులాబీ, ఊదా రంగులు.

అపోహ: రంగుల వారీగా సర్దడమే పద్ధతి.

మిగులు దారాలకు అది చాలు. ఒప్పుకున్న పనులకు మాత్రం మనిషి వారీగా సంచి పెట్టండి. ఆ జాకెట్టు గుడ్డ, దారం నంబరు చీటీ, ఆమెకు తీసిన పూసలు, కుందన్లు అన్నీ అందులోనే ఉండాలి. దసరాకు, ఆ తర్వాతి మంగళవారం జరిగే సిరిమానోత్సవానికి జాకెట్లు ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఎరుపుల్లో ఎవరి ఎరుపో వెతుక్కునే తీరిక ఉండదు.

మనకు తుపాన్లు వచ్చేదీ ఆ రోజుల్లోనే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, రెండూ అక్టోబరులోనే తీరం దాటాయి. అందుకే సెప్టెంబరు నెలాఖరుకు బీరువా కింది అర ఖాళీ చేసి, అందులో మగ్గం చట్రం బిగింపులు, కత్తెరలు తప్ప గుడ్డన్నది లేకుండా చూస్తాను. ఆ ఇనుప సామానుకు కూడా కుట్టుమిషను నూనె పల్చగా రాసి, విడి గుడ్డలో చుట్టి పెడతాను.