ఫోటోలో వెనక నిలబడ్డది ఎవరు?

చిరంజీవులు చిన్నాకు, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

గృహప్రవేశం ఫోటోలు అందాయి. అందులో ఒకటి చూసి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. నా పక్కన మీ నాన్నమ్మ నవ్వుతూ నిలబడి ఉంది. ఆవిడ పోయి మూడేళ్లు. ఏదో యాప్‌లో చేశామని, సర్‌ప్రైజ్ అని కింద రాశారు. కోపమేమీ రాలేదు, టెన్షన్ పడకండి. నలభై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ని కదా, ఈ పని ఎప్పటినుంచి జరుగుతోందో మీకు చెప్పాలనిపించింది.

1860ల మొదట్లో అమెరికాలోని బోస్టన్‌లో విలియం మమ్లర్ అని ఒకాయన ఉండేవాడు. నగల మీద నగిషీలు చెక్కడం వృత్తి, ఫోటోలు సరదా. ఒకరోజు తన ఫోటో తనే తీసుకుంటే పక్కన మసగ్గా ఒక అమ్మాయి పడింది. ఎప్పుడో చనిపోయిన తమ చుట్టాలమ్మాయిలా ఉందన్నాడు. అంతే, ఊరంతా పాకింది.

అప్పట్లో రీళ్లు లేవు, గాజు పలకలే. పలక మీద కొలోడియన్ అనే జిగురులాంటి ద్రవం పోసి, సిల్వర్ నైట్రేట్ నీళ్లలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, వెంటనే కడిగెయ్యాలి. వాడిన పలకనే తుడిచి మళ్లీ వాడేవాళ్లు. సరిగ్గా తుడవకపోతే పాత మనిషి లీలగా కొత్త ఫోటోలోకి వచ్చేస్తాడు. కావాలని చేయాలంటే ఇంకా తేలిక. ముందు తెల్లబట్ట కప్పుకున్న మనిషిని కొద్దిసేపు తీసి, అదే పలక మీద అసలు గిరాకీని తీస్తే చాలు. నేనూ ఒకసారి రీలు తిప్పడం మర్చిపోయి, పెళ్లికొడుకు ఛాతీలోంచి అరటిచెట్టు మొలిచిన ఫోటో తీశాను. వాళ్ల నాన్న చేత తిట్లు తిన్నాను గానీ ఆత్మ అని ఎవరూ అనలేదు!

బోస్టన్‌లో అలా అన్నారంటే కారణం ఉంది. 1861 నుంచి 65 దాకా అక్కడ అంతర్యుద్ధం. ఆరు లక్షలకు పైగా పోయారు. ఎందరి శవాలో ఇంటికి రానే లేదు. అలాంటి తల్లికి పది డాలర్లిస్తే నీ కొడుకు కనబడతాడంటే ఆగుతుందా? అయితే మమ్లర్ తీసిన 'ఆత్మ'ల్లో కొందరు ఆ ఊళ్లోనే నిక్షేపంలా తిరుగుతున్నారని బయటపడింది. తర్వాత న్యూయార్క్‌కు మకాం మార్చాడు. 1869లో అక్కడ మోసం కేసు పెట్టారు. తర్వాత సర్కస్‌తో పేరుపొందిన బార్నమ్ అనే ప్రదర్శనల వ్యాపారి అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. బొగార్డస్ అనే ఫోటోగ్రాఫర్ చేత, లింకన్ ఆత్మ తన వెనక నిలబడ్డట్టు ఫోటో తీయించి మరీ చూపించాడు. మోసం జరిగే ఉంటుందని తనకు అనిపిస్తున్నా, రుజువు చాల్లేదని జడ్జి మమ్లర్‌ని వదిలేశాడు.

మూడేళ్ల తర్వాత, 1872 ప్రాంతంలో, నల్లముసుగు వేసుకుని వేరే పేరుతో ఒకావిడ తన దగ్గరికొచ్చిందని మమ్లర్ రాసుకున్నాడు. ఆవిడ లింకన్ భార్య మేరీ. భర్తను తన పక్కనే కాల్చి చంపారు. నలుగురు కొడుకుల్లో ముగ్గురు పోయారు. ఫోటోలో లింకన్ వెనక నిలబడి ఆవిడ భుజాల మీద చేతులు వేసి ఉంటాడు. ఎన్నిసార్లు చూసినా నా చూపు వెనక ఉన్నాయన మీదికి పోదు, ముందు కూర్చున్న ఆ ముఖం మీదే ఆగిపోతుంది.

ఫోటోలే కాదు, చీకటి గదుల్లో ఆత్మలను పిలిచే 'మీడియం'లు ఇంగ్లండ్ నిండా ఉండేవాళ్లు. 1880లో లండన్‌లో ఒక సభలో సిట్వెల్ అనే ఆయన తెల్లబట్టల ఆత్మను చటుక్కున పట్టుకుంటే, అది ఫ్లోరెన్స్ కుక్ అనే ఆ మీడియమే! ఈ పిచ్చికి నాంది పలికిన ఫాక్స్ అక్కచెల్లెళ్లలో మ్యాగీ, ఆత్మలవని జనం నమ్మిన చప్పుళ్లను కాలివేళ్ల కీళ్లు టకటకలాడించే చేశామని 1888లో స్టేజి ఎక్కి చేసి చూపించింది. మరుసటేడు ఆ మాట వెనక్కి తీసుకుంది, అది వేరే కథ.

అసలు చెప్పాలనుకున్నది ప్యారిస్ సంగతి. 1875లో పోలీసులు బ్యూగే అనే ఫోటోగ్రాఫర్ స్టూడియో మీద పడితే, పల్చటి గుడ్డ కప్పిన బొమ్మ, దానికి మార్చి మార్చి పెట్టే తలలు దొరికాయి. అతను కోర్టులో అంతా ఒప్పేసుకున్నాడు. ఏడాది జైలు, 500 ఫ్రాంకుల జరిమానా. కానీ సాక్షులు వింటేనా? ఒకాయన, ఇది నా భార్యేనని పట్టుబట్టాడు. ఆమె ఫోటో తన దగ్గర లేనే లేదు, ఏదో అలా కుదిరిందంతే అన్నాడు బ్యూగే. ఆయన మాత్రం, మా పిల్లలకు చూపిస్తే 'అమ్మే' అన్నారు, అన్నాడు.

ఆ తల అట్టముక్క. దాన్ని అమ్మను చేసింది ఆ పిల్లలే.

మా స్టూడియోకూ ఇలాంటివాళ్లు వచ్చేవారు. ఒకావిడ భర్త పోయాడు, ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదు. ఆయన గుర్తింపు కార్డు ఫోటో పెద్దది చేసి, కత్తిరించి, ఆవిడ ఫోటో పక్కన అతికించి, అంచులు బ్రష్‌తో కలిపి మళ్లీ తీశాను. ఆవిడ స్టూలు మీద కూర్చుని, "మీసం అంత ఒత్తుగా ఉండదండీ, తగ్గించండి" అని పక్కనుండి చెప్పింది. పని నా చేతిది, ఎలా ఉండాలన్నది ఆవిడ ఇష్టం. మమ్లర్‌కీ నాకూ చేతిపనిలో పెద్ద తేడా లేదు, కానీ ఆ స్టూలు అతని డార్క్‌రూమ్‌లో ఎవరికీ వెయ్యలేదు.

ఇక మీ ఫోటో. నాన్నమ్మ వాచీ కుడిచేతికి పెట్టుకునేది, మీ యాప్ ఎడమచేతికి పెట్టింది. కుదిరితే మార్చి పంపండి. పోస్టుకార్డు సైజు ప్రింటు తీయిస్తాను. వెనక 'పిల్లలు చేసింది' అని రాసి తారీఖు వేస్తాను.

మీ తాతయ్య