టోన్‌ఆర్మ్‌లో వైరు మార్చే ముందు: కొన్ని అపోహలు, వాస్తవాలు

హన్మకొండలో పాత రికార్డ్ ప్లేయర్లు బాగుచేస్తుంటాను. నా దగ్గరికి వచ్చే సెట్లు రకరకాలు. గెరార్డ్ ఛేంజర్ ఉన్న రేడియోగ్రాములు, హెచ్ఎంవీ ఫియస్టా పెట్టెలు, గల్ఫ్‌కు పోయినవాళ్లు జగిత్యాల, కరీంనగర్ ఇళ్లకు పట్టుకొచ్చిన జపాన్ టర్న్‌టేబుళ్లు. సెట్లు వేరైనా చాలామంది అడిగే మాట మాత్రం ఒకటే: "ఒక దిక్కు సౌండ్ వస్తలేదన్నా, ఆర్మ్‌ల వైర్లన్నీ మార్చెయ్."

ఆర్మ్ అంటే టోన్‌ఆర్మ్, కొసన ముల్లుతో రికార్డు మీద కదిలే చెయ్యి. అలా వచ్చే సెట్లలో నిజంగా వైరు మార్చాల్సినవి తక్కువ. అవసరం లేకుండా మార్చడం వల్ల పాడైన మంచి ఆర్మ్‌లను చూస్తే బాధనిపిస్తుంది. నలభై యాభై ఏళ్ల కిందటి ఆర్మ్‌కు బేరింగు దొరకదు, గొట్టం దొరకదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఒక ఛానెల్ పోయిందంటే లోపలి వైరు తెగినట్టే.

ఆర్మ్ లోపలి వైరు కదిలేది పివట్ (ఆర్మ్ తిరిగే ఇరుసు) దగ్గర మాత్రమే. మిగతా పొడవంతా గొట్టంలో కదలకుండా ఉంటుంది. అంతకంటే ముందు చెడేవి వేరే ఉన్నాయి. కార్ట్రిడ్జ్ (ముల్లు కదలికను కరెంటుగా మార్చే భాగం) పిన్నులకు తొడిగే చిన్న క్లిప్పులు, హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ ఉండే ఆర్మ్ కొస) బిగించే చోట ఉండే నాలుగు స్ప్రింగు పిన్నులు, ఆంప్లిఫయర్‌కు పెట్టే ఆర్‌సీఏ ప్లగ్గు మెడ. ఈ మూడు చోట్లా ముందు చూడాలి. స్ప్రింగు పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక్కోదాన్ని మెల్లగా నొక్కితే తిరిగి పైకి రావాలి. చాలా సెట్లు ఇక్కడే బాగైపోతాయి.

అప్పటికీ పలకకపోతే తప్పు ఎక్కడుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, కార్ట్రిడ్జ్ దగ్గర తెల్ల క్లిప్పును ఎర్రదాని చోట, ఎర్రదాన్ని తెల్లదాని చోట, అలాగే నీలం, ఆకుపచ్చ క్లిప్పులనూ ఒకదాని చోట ఒకటి పెట్టండి. పలకని వైపు మారితే లోపం కార్ట్రిడ్జ్‌లో ఉంది. మారకపోతే క్లిప్పుల నుంచి ఆంప్లిఫయర్ దాకా ఎక్కడో ఉంది. అప్పుడు ఆంప్లిఫయర్ వెనక ఎడమ, కుడి ప్లగ్గులను అటూ ఇటూ మార్చండి. పలకని వైపు మారితే తప్పు ప్లేయర్‌ది, మారకపోతే ఆంప్లిఫయర్‌ది. మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (వైరు ఎక్కడైనా తెగిందా అని) చూడాలంటే మాత్రం కార్ట్రిడ్జ్ తీసేసి చూడాలి. మీటరు పంపే కరెంటును లోపలి సన్న కాయిళ్లు, ముఖ్యంగా ముల్లుతో పాటు కాయిలే కదిలే మూవింగ్ కాయిల్ రకంలోవి, తట్టుకోలేకపోవచ్చు.

పాత పెట్టె ప్లేయర్ల విషయం వేరు. వాటిలో చాలావాటికి క్రిస్టల్ కార్ట్రిడ్జ్ ఉంటుంది. అందులోని రోషెల్ ఉప్పు స్ఫటికానికి తేమ పడదు, 55 డిగ్రీల వేడి దాటితే చెడిపోతుంది. మన ఎండాకాలంలో మూసిన కారులో అంత వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. స్ఫటికం పోయాక వైరు ఏది వేసినా సౌండ్ రాదు, కార్ట్రిడ్జే మార్చాలి.

అపోహ: వెండి వైరు వేస్తే పాట తియ్యగా వస్తుంది.

కరీంనగర్ వెండి తీగ పనిని దగ్గర నుంచి చూసినవాళ్లం, వెండి మీద మనకు నమ్మకం ఎక్కువ. వెండి రాగికంటే మంచి వాహకమే, కానీ తేడా ఆరేడు శాతం. లెక్క వేసి చూద్దాం. 0.18 మిల్లీమీటర్ల రాగి వైరు 40 సెంటీమీటర్లు తీసుకుంటే దాని నిరోధం దాదాపు 0.27 ఓమ్‌లు. అదే వెండి అయితే 0.25. ఈ తేడా దేని ముందు? మూవింగ్ మాగ్నెట్ (ముల్లుతో పాటు మాగ్నెట్ కదిలే రకం) కార్ట్రిడ్జ్ కాయిల్ నిరోధమే వందల ఓమ్‌లు, ఆంప్లిఫయర్ ఫోనో ఇన్‌పుట్ 47,000 ఓమ్‌లు. చెవికి అందేంత మార్పు ఇందులో ఎక్కడా లేదు.

సన్న పోగులు కలిపి చేసే లిట్జ్ వైరు గురించి కూడా ఇలాంటి మాటే వినిపిస్తుంది, స్కిన్ ఎఫెక్ట్ (హై ఫ్రీక్వెన్సీ కరెంటు వైరు పైపొరలోనే పారడం) తగ్గి హై ఫ్రీక్వెన్సీలు విచ్చుకుంటాయని. 20 కిలోహెర్ట్జ్ దగ్గర రాగిలో స్కిన్ డెప్త్, అంటే ఆ పొర మందం, సుమారు 0.47 మిల్లీమీటర్లు. మన వైరు మొత్తం మందమే అందులో సగం కన్నా తక్కువ. లిట్జ్ వాడాల్సిందే, అయితే కారణం అది కాదు. వెంట్రుకల్లాంటి పోగులు కలిసి ఉండటంతో అది చాలా మెత్తగా వంగుతుంది.

అపోహ: లావు వైరు వేస్తే మళ్లీ తెగదు, గట్టిగా ఉంటుంది.

ఎక్కువ ఆర్మ్‌లను పాడుచేసేది ఈ నమ్మకమే. పివట్ దగ్గర మామూలు హుక్-అప్ వైరు అతికించిన ఆర్మ్‌లు నా దగ్గరికి తరచుగా వస్తాయి. సౌండ్ వస్తుంది కాబట్టి పని అయిపోయిందనుకుంటారు. తర్వాత రికార్డు చివరి పాటల దగ్గర ముల్లు గీరడం, గాడి తప్పి దూకడం మొదలవుతుంది. నెపం రికార్డు మీదికో ముల్లు మీదికో పోతుంది.

ఎందుకంటే, మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్‌తో ముల్లు రికార్డు మీద మోపే బరువు సాధారణంగా ఒకటిన్నర, రెండు గ్రాములు. అంత తేలికైన ఒత్తిడితో నడిచే ఆర్మ్‌ను బిరుసు వైరు ఒక పక్కకు లాగుతూ ఉంటే ముల్లు గాడిలో ఒక గోడకే ఒరుసుకుంటుంది. రికార్డు ఒక పక్కే అరుగుతుంది. యాంటీ స్కేటింగ్ (ఆర్మ్ లోపలికి జారకుండా బయటికి లాగే సర్దుబాటు) ఎంత తిప్పినా ఇది సరికాదు, ఎందుకంటే వైరు లాగుడు ఆర్మ్ ఉన్న చోటును బట్టి మారుతుంటుంది.

పరీక్ష తేలిక. ముల్లుకు కవరు పెట్టి, యాంటీ స్కేటింగ్ సున్నాకు తెచ్చి, వెనక బరువు తిప్పుతూ ఆర్మ్ గాలిలో సమంగా తేలేలా చేయండి. ప్లేయర్ లెవెల్‌గా ఉండాలి, ఫ్యాను ఆపాలి. ఆర్మ్‌ను మెల్లగా రికార్డు మధ్యకు తెచ్చి వదలండి, తర్వాత అంచు దగ్గర వదలండి. వదిలిన చోటే ఆగితే వైరు సరిగ్గా ఉన్నట్టు. ప్రతిసారీ స్టాండు వైపుకో లోపలికో దానంతట అదే పోతుంటే వైరు బిగిసింది లేదా బిరుసుగా ఉంది.

సరిగ్గా వేసిన వైరు పివట్ దగ్గర చిన్న వంపు తిరిగి వదులుగా ఉంటుంది. వైర్లన్నిటినీ కలిపి అక్కడ గట్టిగా మెలిపెట్టకూడదు. మెలి గొట్టం లోపల ఉండొచ్చు, పివట్ దాటాక ఉండొచ్చు. పివట్ మీద మాత్రం విడివిడిగా ఉండాలి.

బేరింగు దగ్గరికి ఎలాగూ చేరాం కదా అని కుట్టుమిషన్ నూనె వేస్తారు కొందరు. వద్దు. దుమ్ము పట్టి జిగురవుతుంది.

అపోహ: టంకం పెట్టడం వస్తే చాలు, ఎవరైనా చేయొచ్చు.

లిట్జ్ పోగుల్లో ప్రతిదానికీ వేరుగా ఎనామెల్ పూత ఉంటుంది. పూత పోకుండా టంకం పెడితే పైకి అతికినట్టే కనిపిస్తుంది, లోపల కొన్ని పోగులే కలుస్తాయి. ఇవాళ పలుకుతుంది, నెల తర్వాత గరగరమంటుంది. చాలా వైర్లకు ఉండే పాలీయురేథేన్ పూత ఐరన్ కొనను 370, 380 డిగ్రీల దాకా వేడిచేసి, కరిగిన లెడ్డు (టంకం) బొట్టులో కొసను కాసేపు ముంచితే కాలిపోతుంది. కొస మొత్తం వెండిలా మెరిసిందంటే సరిపోయినట్టు. బ్లేడుతో గీకితే పూతతో పాటు పోగులూ పోతాయి.

రేకులకు వాడే యాసిడ్ పేస్టు ఈ పనిలో అసలు ముట్టుకోవద్దు. వైరు పోగుల మీద పచ్చ తుప్పు లేస్తుంది. రోజిన్ ఉన్న లెడ్డు చాలు. ఇంకొక్కటి, క్లిప్పు కార్ట్రిడ్జ్ పిన్నుకు తొడిగి ఉండగా ఐరన్ ఆనించొద్దు. ఆ వేడి లోపలికి పోయి కాయిల్ కొసను విడగొడుతుంది. క్లిప్పును బయటికి తీసి, పంటిపుల్లకు గుచ్చి పట్టుకుని అతికించాలి.

కొత్త వైరు లాగేటప్పుడు పాతదాని కొసకు సన్న నైలాన్ దారం కట్టి, పాతది తీస్తూనే దారం లోపలికి తెచ్చుకోవాలి. గొట్టం రంధ్రాల అంచులు పదునుగా ఉంటాయి, గట్టిగా లాగితే పూత లేస్తుంది. లాగాక ప్రతి వైరుకూ గొట్టానికీ మధ్య షార్ట్ ఉందేమో మీటరు పెట్టి చూడాలి.

అపోహ: గుంయ్‌మనే శబ్దం వస్తుందంటే ఎర్త్ వైరు ఇంకోటి కలపాలి.

ఒక్కోసారి ఉన్నదాన్ని తీసేయాలి. కొన్ని ఆర్మ్‌లలో గొట్టానికి విడిగా ఐదో వైరు ఉంటుంది. కొన్నింట్లో, ఉదాహరణకు రేగా ఆర్‌బీ300లో, గొట్టం ఎడమ ఛానెల్ నెగటివ్‌కే కలిసి ఉంటుంది. అలాంటిదానికి మరో ఎర్త్ కలిపితే లూప్ ఏర్పడి 50 హెర్ట్జ్ హమ్ ఇంకా పెరుగుతుంది. వైరు విప్పే ముందే ఏది దేనికి కలిసి ఉందో ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆంప్లిఫయర్ త్రీపిన్ సాకెట్‌లో ఎర్త్ అసలు ఉందో లేదో కూడా చూడండి. పాత ఇళ్లలో ఆ మూడో రంధ్రం చాలాసార్లు ఖాళీయే.

అపోహ: బయటి కేబుల్ ఎంత పొడవైనా ఫర్వాలేదు.

వెండి, రాగి గొడవ కన్నా ఇది చాలా పెద్ద విషయం. షీల్డు కేబుల్‌కు మీటరుకు వంద పికోఫారడ్‌ల చుట్టూ కెపాసిటెన్స్ ఉంటుంది. కార్ట్రిడ్జ్ ఇండక్టెన్స్ 500 మిల్లీహెన్రీలు అనుకుంటే, మొత్తం కెపాసిటెన్స్ 150 పికోఫారడ్‌లు ఉన్నప్పుడు రెజొనెన్స్ (సౌండ్ ఉబ్బే ఫ్రీక్వెన్సీ) 18 కిలోహెర్ట్జ్ పైన ఉంటుంది. అదే 300 అయితే 13 కిలోహెర్ట్జ్‌కు దిగుతుంది. తాళం, గజ్జెలు పలికే చోట సౌండ్ ఉబ్బి, ఆ పైన చప్పున పడిపోతుంది. సెట్టు ఈ గదిలో, ఆంప్లిఫయర్ ఆ మూల పెట్టుకుని మూడు మీటర్ల కేబుల్ అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: రెండింటినీ పక్కపక్కన పెట్టుకోండి.

అపోహ: నాలుగు వైర్లూ ఎలా కలిపినా పాట వస్తుంది.

వస్తుంది, అదే ఇబ్బంది. ఎరుపు కుడి పాజిటివ్, ఆకుపచ్చ కుడి నెగటివ్, తెలుపు ఎడమ పాజిటివ్, నీలం ఎడమ నెగటివ్. ఒక వైపు పాజిటివ్, నెగటివ్ తారుమారైనా రెండు స్పీకర్లూ పలుకుతాయి. కానీ బేస్ పలచబడుతుంది, గొంతు మధ్యలో నిలబడకుండా అటూ ఇటూ చెదిరిపోతుంది. మన పాత తెలుగు సినిమా రికార్డుల్లో ఎక్కువ భాగం మోనో కాబట్టి దీన్ని పట్టుకోవడం తేలిక. వైరు మార్పించుకుని సెట్టు ఇంటికి తీసుకుపోయే ముందే ఒక మోనో రికార్డు పెట్టించి, ఆంప్లిఫయర్ మీద మోనో స్విచ్ నొక్కమనండి. నొక్కగానే పాట దాదాపు మాయమైతే ఒక వైపు తిరగబడింది. హెడ్‌షెల్‌లో ఆ వైపు రెండు క్లిప్పులు తారుమారై ఉంటే అక్కడే మార్చేస్తే సరిపోతుంది. క్లిప్పుల రంగులు సరిగ్గానే ఉంటే తప్పు వెనక టంకంలో ఉంది, విప్పి అక్కడే సరిచేయించుకోండి.