వానాకాలపు వెల్డులో దాక్కునే హైడ్రోజన్

గుణుపురం నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ పెట్టుకుని గేట్లు, గ్రిల్స్ చేస్తాడు. "మాస్టారూ, ఎండాకాలంలో శుభ్రంగా పడే వెల్డు ఆషాఢం వచ్చేసరికి కన్నాలు కన్నాలుగా వస్తోందండి. అదే మెషిన్, అదే కంపెనీ రాడ్డు, అదే చెయ్యి. కరెంటు పెంచి చూశాను, తగ్గించి చూశాను. మా నాన్నగారైతే మెషిన్‌కి దిష్టి తీయించమంటున్నారు" అన్నాడు.

ఇలాంటి ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని నాకు చాలాకాలంగా ఉంది. లోహశాస్త్రంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి దీని జవాబులోనే ఉంది. కరెంటు ఎంత పెట్టాలి, రాడ్డు ఎంత వాల్చి పట్టుకోవాలి అన్నవి ఇక్కడ రాయను. అవి ఐటీఐలో నేర్పుతారు, ప్యాకెట్ మీద కూడా అచ్చేసి ఉంటాయి. ఎవరూ చెప్పనిది హైడ్రోజన్ గురించి.

ముందు వాన నీరు వెల్డులోకి ఎలా చేరుతుందో చూద్దాం. గ్రిల్ షాపుల్లో మామూలుగా వాడేది 6013 రాడ్డు. దాని పూతలో ముఖ్యమైన సరుకు రూటైల్, అంటే టైటానియం డయాక్సైడ్. ఆ ఖనిజం మన గంజాం తీరంలోనే ఉంది. ఛత్రపురం దగ్గర సముద్రపు ఇసుకలోంచి ఐఆర్‌ఈఎల్ సంస్థ ఇల్మనైట్‌ని, రూటైల్‌ని, జిర్కాన్‌ని వేరుచేస్తుంది. ఈ రూటైల్ పొడినీ మిగతా పొడులనూ ఇనుప తీగకి పట్టించి ఉంచే జిగురు సోడియం సిలికేట్, పొటాషియం సిలికేట్. చిక్కంతా ఈ జిగురుతోనే. దానికి తేమను పీల్చుకునే గుణం ఉంది. చేత్తో తడిమితే పూత పొడిగానే ఉంటుంది, కానీ కొంత నీరు సిలికేట్‌తో రసాయనికంగా ముడిపడి లోపలే ఉండిపోతుంది. వంశధార నిండుగా పారే రోజుల్లో ప్యాకెట్ చింపి రాడ్లను బల్లమీద వదిలేస్తే, అవి గాలిలోని తేమను రాత్రీ పగలూ పీలుస్తూనే ఉంటాయి.

ఆ తేమ ఎంతని అడగొచ్చు. లెక్క కడదాం. 3.15 మిల్లీమీటర్ల మందం, 350 మిల్లీమీటర్ల పొడవు ఉన్న రాడ్డులో ఇనుము సుమారు 21 గ్రాములు. పూత 10 గ్రాములు అనుకుందాం. ఆ పూత తన బరువులో 1 శాతం నీరు అదనంగా పీల్చుకుంటే అది 0.1 గ్రాము. రెండు మూడు చుక్కలకు మించదు. ఆర్క్ (రాడ్డు కొసకీ ఇనుముకీ మధ్య వెలిగే విద్యుత్ మంట) వేడి కొన్ని వేల డిగ్రీలు ఉంటుంది కాబట్టి ఆ నీరు విడిపోయి హైడ్రోజన్ అవుతుంది. 18 గ్రాముల నీటి నుంచి 22,400 మిల్లీలీటర్ల హైడ్రోజన్ వస్తుంది. ఆ లెక్కన మన 0.1 గ్రాము నుంచి దాదాపు 124 మిల్లీలీటర్లు. ఒక్క రాడ్డుకే అంత! అందులో ఎక్కువ భాగం గాల్లో కలిసిపోతుంది. మిగిలినది కరిగిన ఉక్కులోకి దిగుతుంది.

నాకు ఇష్టమైన సంగతి ఇక్కడ మొదలవుతుంది. వేడి పెరిగితే వాయువులు ద్రవంలో తక్కువ కరుగుతాయని మన పిల్లలు బడిలో కంఠతా పడతారు. నీటి విషయంలో అది నిజమే. ఉక్కులో హైడ్రోజన్ మాత్రం సరిగ్గా దీనికి తిరగబడి నడుస్తుంది. నియమం చెప్పి, దాని హద్దు ఎక్కడో చెప్పకుండా పిల్లల్ని పంపేస్తున్నామే అని నాకు ఎప్పుడూ బాధగా ఉంటుంది. కారణం చెబితే వాళ్ళకి చక్కగా అర్థమవుతుంది. హైడ్రోజన్ వాయువులో రెండేసి పరమాణువులు జంటగా ఉంటాయి. ఇనుములో కరగాలంటే ఆ జంట విడిపోవాలి, ఒక్కో పరమాణువూ విడిగా లోపలికి దూరాలి. ఆ బంధం తెంచడానికి మోల్‌కి 436 కిలోజౌళ్ళు కావాలి. ఇనుములో చేరినందుకు తిరిగి వచ్చే శక్తితో ఆ ఖర్చు పూర్తిగా తీరదు. మొత్తం మీద వేడిని మింగే పని కాబట్టి, వేడి పెరిగేకొద్దీ ఇంకా ఎక్కువ కరుగుతుంది.

దీన్ని వంటింట్లో చూడాలంటే పటికబెల్లం కట్టించి చూడండి. 100 గ్రాముల నీటిలో 20 డిగ్రీల దగ్గర 200 గ్రాముల పైచిలుకు పంచదార కరుగుతుంది. మరిగే నీటిలోనైతే 480 గ్రాములు దాటుతుంది. వేడి మీద నిండుగా కరిగించిన పాకం చల్లారితే అంత పంచదారనీ పట్టుకోలేదు, మిగులు బయటపడాల్సిందే. ఉక్కు కథా అంతే. ఒక వాతావరణ పీడనం దగ్గర, కరిగే స్థితిలో ఉన్న 100 గ్రాముల ద్రవ ఇనుము దాదాపు 25 మిల్లీలీటర్ల హైడ్రోజన్‌ని పట్టుకోగలదు. ఆ ఇనుము పరిమాణమే 14 మిల్లీలీటర్లు! అది గడ్డకట్టగానే పట్టుకోగలిగేది 8 మిల్లీలీటర్ల చుట్టుపక్కలకి పడిపోతుంది. గది వేడికి వచ్చేసరికి ఉండీ లేనట్టే. పాకంలో దారం వేలాడదీస్తే పలుకులు దాన్ని పట్టుకునే పెరుగుతాయి. అలాగే హైడ్రోజన్ బుడగకీ ఒక ఆసరా కావాలి. చిక్కుకున్న స్లాగ్ (పూత కరిగి ఏర్పడే తెట్టు) ముక్కో, గడ్డకడుతున్న స్ఫటికాల మధ్య సందో దొరికితే అక్కడే బుడగ పుడుతుంది.

అయితే పాకానికి తీరిక ఉంది, రోజుల తరబడి నెమ్మదిగా పలుకులు కడుతుంది. వెల్డు గుంట కొన్ని సెకన్లలో గడ్డకట్టేస్తుంది. గట్టిపడుతున్న అంచు హైడ్రోజన్‌ని ముందున్న ద్రవంలోకి నెడుతూ పోతుంది, అక్కడ అది పోగవుతుంది. బుడగ పైకి తేలి బయటపడేలోగా పైభాగం బిగుసుకుపోతే అది లోపలే ఉండిపోతుంది. అంచు జరుగుతున్న దిక్కునే సాగుతుంది కాబట్టి కన్నం గుండ్రంగా కాక పొడుగ్గా గొట్టంలా ఏర్పడుతుంది. గ్రైండర్‌తో వెల్డును పొడుగునా కోసి చూస్తే ఆ వాలు స్పష్టంగా కనబడుతుంది. ఆ కుర్రాడి చేతిలో తప్పేమీ లేదు.

ఇంకో చిత్రం ఉంది. పరమాణువుల జంట విడిపోయి కరుగుతుంది కాబట్టి, లోపల కరిగేది బయటి హైడ్రోజన్ పీడనపు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. దీన్ని సీవర్ట్స్ నియమం అంటారు. ఆర్క్‌లో లెక్క ఇంత సూటిగా కుదరదు, అయినా పూత తేమకీ వెల్డులోని హైడ్రోజన్‌కీ ఉన్న సంబంధం దాదాపు వర్గమూలం దారిలోనే నడుస్తుంది. అంటే తేమని సగానికి తగ్గిస్తే హైడ్రోజన్ సగం కాదు, 71 శాతం మిగులుతుంది. సగం కావాలంటే తేమ నాలుగో వంతుకి దిగాలి. రాడ్లను కాసేపు ఎండలో పెట్టి తెచ్చి "ఏం తేడా లేదండీ" అనేవాళ్ళ అనుభవం అబద్ధం కాదు, వర్గమూలం అలాగే పనిచేస్తుంది.

ఇక దిష్టి సంగతి. కన్నాలు కంటికి కనిపిస్తాయి, అసలు భయపెట్టేది పగులు. రైతు ట్రాక్టర్ ట్రాలీ కమాన్ పట్టీ (లీఫ్ స్ప్రింగ్) ముక్క తెస్తాడు, మీరు 6013తో అతుకు వేస్తారు, చూడ్డానికి బాగుంటుంది. మర్నాడు పొద్దున చూస్తే అతుకు పక్కనే సన్నని గీత. ఎవరూ ముట్టుకోలేదు, బరువూ పడలేదు. దిష్టి తగిలిందనక ఇంకేమంటారు? నిజానికి రాత్రంతా లోపల పని జరిగింది. కమాన్ పట్టీలో కార్బన్ ఎక్కువ, కాబట్టి వెల్డు పక్క భాగం త్వరగా చల్లారి మార్టెన్‌సైట్ అనే గట్టి, పెళుసు రూపంలోకి మారుతుంది. హైడ్రోజన్ పరమాణువు ఎంత చిన్నదంటే గది వేడిలో కూడా ఇనుము జాలకం, అంటే ఇనుప పరమాణువుల వరసల గుండా నడుస్తుంది. ఒత్తిడి ఎక్కువున్న చోటికి చేరి అక్కడి లోహాన్ని బలహీనం చేస్తుంది. అందుకే పగులు కొన్ని గంటలకీ, ఒక్కోసారి రెండు రోజులకీ బయటపడుతుంది. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకి మెషిన్‌కి బొట్టు పెట్టి దండ వేయడం మీద నాకు గౌరవమే ఉంది, పనిముట్టుకి మొక్కే రోజు అది. పగులుకి మాత్రం దిష్టే కారణమని నమ్మితే రాడ్ల డబ్బా వైపు మన చూపు పోదు.

మరి ఏం చేయాలి? అన్ని రాడ్లకీ ఒకే మందు లేదు. 7018 రాడ్డు హైడ్రోజన్ తక్కువ ఉండేలా తయారైనది, పూతలో సున్నపురాయి, ఫ్లోర్‌స్పార్ ఉంటాయి. తేమ పట్టినదాన్ని 350 డిగ్రీల దగ్గర గంట, రెండు గంటలు కాల్చాలి, అప్పుడే సిలికేట్ తన నీటిని వదులుతుంది. 6013ని అంత వేడిలో పెట్టకండి. దాని పూతలో సెల్యులోజ్ లాంటి సేంద్రియ పదార్థం ఉంటుంది, అది మాడిపోతే ఆర్క్ సరిగా నిలవదు. దానికి 100 డిగ్రీల దగ్గర గంట చాలు. ప్యాకెట్ మీద ఏం రాసుంటే అదే చివరి మాట. రాడ్డును జాబ్‌కి (అతకాల్సిన ఇనుముకి) అంటించి ఎర్రగా కాల్చేవాళ్ళున్నారు. తీగ మాడుతుంది, పూత పగులుతుంది, తేమ మాత్రం ఒక చోట పోయి ఒక చోట ఉంటుంది. మూత బిగిసే రేకు పెట్టెలో పాతరకం 60 వాట్ల బల్బు వెలిగించి పెడితే, ఇలా వేడిలో ఆరబెట్టిన రాడ్లు మళ్ళీ తేమ పట్టకుండా ఉంటాయి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు, అంత వేడి ఇవ్వదు. తుప్పును కూడా గ్రైండర్‌తో తీసేయాలి, ఎందుకంటే తుప్పులోనూ నీరు ముడిపడి ఉంటుంది. కమాన్ పట్టీ లాంటివైతే ముందు 200 డిగ్రీల పైకి వేడిచేసి, కాల్చిన 7018తో అతికి, పొడి బూడిదలో పెట్టి నెమ్మదిగా చల్లారనివ్వండి. నెమ్మదిగా చల్లారితే హైడ్రోజన్‌కి బయటపడే సమయం దొరుకుతుంది.

మీ రాడ్లు ఎలా ఉన్నాయో తెలుసుకోవాలంటే రెండు ముక్కలు అతికి, అదే రోజు వైస్‌లో బిగించి నెమ్మదిగా వంచి విరవండి. సుత్తితో ఒక్క దెబ్బకి విరిస్తే తెలియదు, హైడ్రోజన్ కదలడానికి వ్యవధి ఉండాలి. విరిగిన ముఖం మీద చిన్న కన్నం చుట్టూ తళతళలాడే గుండ్రటి మచ్చ కనిపిస్తే దాన్ని వెల్డింగ్ పుస్తకాల్లో చేపకన్ను అంటారు. హైడ్రోజన్ మిగిలి ఉందనడానికి అది గుర్తు. అలాంటి మచ్చలు కనబడితే ఆ కట్టలోని మిగతా రాడ్లను వాటికి తగిన వేడిలో ఆరబెట్టాకే వాడండి.