గోడలోకి పోయే పైపుల గురించి: అపోహలు - వాస్తవాలు

ఇల్లు కట్టేవాళ్ళు టైల్స్ కోసం వారాల తరబడి తిరుగుతారు, కుళాయిల మెరుపు చూసి మురిసిపోతారు. పైపులు ఎటు నుంచి ఎటు పోవాలన్న మాట మాత్రం గోడలు లేచి, ప్లాస్టరింగ్ మేస్త్రీ వచ్చి నిలబడ్డాక ఎత్తుతారు. ప్లంబింగ్ పనిలో ఏళ్ళుగా ఉన్నాను కాబట్టి దాదాపు ప్రతి ఇంట్లోనూ వినే మాటలు కొన్ని, వాటిలో నిజమెంతో చెప్తాను.

అపోహ: పైపు సన్నగా ఉంటే ప్రెషర్ పెరుగుతుంది.

ఇది అన్నిటికన్నా గట్టిగా నాటుకుపోయిన మాట. మొక్కలకు నీళ్ళు పెట్టేటప్పుడు గొట్టం మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్ళు దూరం చిమ్ముతాయి కదా, అది చూసి పైపు కూడా అంతే అనుకుంటారు. చిమ్మడం నిజమే, కానీ కింద బకెట్ పెట్టి చూడండి, నిండడానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది. పై ట్యాంకు నుంచి దిగే నీటికి ప్రెషర్ ఇచ్చేది ఎత్తు. 10 మీటర్ల ఎత్తుకు దాదాపు ఒక బార్ (ప్రెషర్‌ను కొలిచే లెక్క) వస్తుంది. ట్యాంకు 500 లీటర్లదైనా 2000 లీటర్లదైనా నీటి మట్టం ఒకే ఎత్తులో ఉంటే కుళాయి దగ్గర ప్రెషర్ ఒకటే, కాబట్టి పెద్ద ట్యాంకు పెడితే షవర్ జోరుగా వస్తుందన్నది కూడా ఉత్త మాటే. ఉన్న ఆ కాస్త ప్రెషర్‌ను దారిలో తినేసేవి సన్న పైపు, అవసరం లేని ఎల్బోలు (పైపును మలుపు తిప్పే ముక్కలు). అర అంగుళం పైపు బదులు అంగుళం పైపు వేస్తే వెడల్పు రెండింతలే పెరుగుతుంది, నీరు పారే చోటు మాత్రం నాలుగింతలు అవుతుంది. అందుకే ట్యాంకు నుంచి దిగే మెయిన్ పైపు పెద్దది వేసి, కుళాయి దగ్గరికొచ్చాకే సైజు తగ్గించాలి.

పై అంతస్తులో పెద్ద రెయిన్ షవర్ కావాలనేవాళ్ళు ముందే ఒక చిన్న లెక్క వేసుకోవాలి. షవర్ తల కన్నా ట్యాంకులో నీళ్ళు 2 మీటర్లే పైన ఉంటే దక్కేది 0.2 బార్. దానికి వాన రాదు, ధార వస్తుంది. ట్యాంకును ఇంకా పైకి లేపాలి, లేదా ప్రెషర్ పంపు పెట్టాలి. అది డ్రాయింగ్ దశలోనే తేల్చుకుంటే పంపుకు చోటు, కరెంటు పాయింటు రెండూ సిద్ధంగా ఉంటాయి.

అపోహ: మురుగు పైపుకు వాటం ఎంత ఎక్కువ ఉంటే అంత మంచిది.

వాటం తక్కువైతే నిలిచిపోతుందని అందరికీ తెలుసు. మరీ ఎక్కువైనా ఇబ్బందే, నీళ్ళు పరుగెత్తిపోయి గట్టి పదార్థం వెనక మిగిలిపోతుంది. 110 మి.మీ. పైపుకు మీటరుకు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్లు దిగితే చాలు. కంటి అంచనాతో వేయకండి, లెవెల్ పెట్టి చూడాలి. మలుపు తిరిగే చోట ఒకే 90 డిగ్రీల బెండు బదులు రెండు 45లు వేస్తే, రేపు అడ్డుపడ్డా లోపలికి రాడ్ దూరుతుంది.

అపోహ: బాత్రూమ్‌లో వాసన వస్తోందంటే కడగడం సరిపోలేదు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఆ ఇంట్లో ఆడవాళ్ళ మీద జాలేస్తుంది. ఒక ఇంట్లో నెలల తరబడి మందులు పోసి రుద్దుతూనే ఉన్నారు, వాసన పోలేదు. నేను వెళ్ళి జాలీ తీసి టార్చి వేసి చూస్తూ, పైన ఫ్లష్ నొక్కమన్నాను. జాలీ కింద నీళ్ళు నిలిచేలా ఉండే వంపును ట్రాప్ అంటాం. ఆ ట్రాప్‌లో నీళ్ళు గుడగుడమని ఊగి, కళ్ళముందే కిందికి జారిపోయాయి. ట్రాప్‌లో నిలిచే ఆ రెండంగుళాల నీళ్ళే మురుగు గాలికి అడ్డం. వెంట్ పైపు లేకపోతే పైనుంచి దూకే నీళ్ళు వెనక గాలిని లాగుతాయి, దాంతోపాటు ట్రాప్‌లో నీళ్ళనూ లాక్కుపోతాయి. ఆ ఇంట్లో ఖర్చు తగ్గుతుందని వెంట్ వేయలేదు. స్లాబు పైదాకా లేపి, పైన తెరిచి ఉంచే మామూలు పైపు అది, ఇల్లు కట్టేటప్పుడైతే పూట పని. వాడకం లేని బాత్రూమ్‌లో అయితే నీళ్ళు ఆరిపోయి కూడా వాసన వస్తుంది, అప్పుడప్పుడూ ఒక చెంబెడు పోస్తే చాలు.

వేడినీళ్ళ విషయం క్లుప్తంగా చెప్తాను. ప్లాస్టిక్ పైపులన్నీ ఒకటి కాదు. యూపీవీసీ చన్నీళ్ళకు, 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. గీజర్ లైనుకు సీపీవీసీ లాంటివి వాడాలి, దానికి సొల్యూషన్ (జాయింట్లు అతికించే జిగురు) కూడా దానిదే వాడాలి. ఇంకొకటి, వేడికి పైపు సాగుతుంది. 10 మీటర్ల సీపీవీసీ లైను 40 డిగ్రీలు వేడెక్కితే రెండున్నర సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, అందుకే పొడుగు లైనును కదలకుండా బిగించేయకూడదు.

అపోహ: కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి, లీకు లేదు, ఇక టెస్ట్ ఎందుకు?

ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. పైపుల చివర్లన్నీ డమ్మీలతో (తాత్కాలిక మూతలతో) మూసి, లోపలి గాలి మొత్తం పోయేలా నీళ్ళు నింపి, రోజూ ఉండే ప్రెషర్‌కు కనీసం ఒకటిన్నర రెట్లు ఎక్కించి, గేజ్ ముల్లు ఎక్కడుందో గోడ మీద రాసి వదిలేస్తాను. ఒకసారి పొద్దున వచ్చి చూస్తే ముల్లు కొంచెమే దిగింది. తడి ఎక్కడా కనపడలేదు, మేస్త్రీ సిమెంటు కలపనా అని తొందరపెడుతున్నాడు, ఇంటాయనకు టెన్షన్. ఒక్కో జాయింటూ పొడి కాగితంతో తుడుస్తూ పోతే వాష్ బేసిన్ వెనక ఒక ఎల్బో దగ్గర కాగితం తడిసింది. కోసి చూస్తే లోపల సొల్యూషనే లేదు, ఉత్తినే దూర్చి వదిలేశారు! ట్యాంకు ప్రెషర్‌కు అది నెలల తరబడి పట్టుకునే ఉండేది, తర్వాత ఒకరోజు టైల్స్ వెనక జారిపోయేది. టెస్ట్ నీళ్ళతోనే చేయండి, ప్లాస్టిక్ పైపుల్లో కంప్రెసర్ గాలి నింపితే పగిలినప్పుడు ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి.

టెస్ట్ నిలిచాక, పైపుల కోసం గోడలో కొట్టిన గాడులు మూయకముందు ప్రతి గోడ దగ్గరా టేపు పట్టి ఫోటోలు తీసుకోండి. నేల నుంచి ఎంత ఎత్తులో, తలుపు నుంచి ఎంత దూరంలో పైపు పోతోందో అంకెలు కనపడాలి. అద్దం తగిలించడానికి డ్రిల్ పెట్టే రోజు వాటిని తీసి చూసుకోండి.