ముందు వెనక్కి తిప్పి చూడండి

చిన్నోడికి, అమ్ములుకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో నా బీరువాలోని రేకు డబ్బాలో ఉన్న పాత ఫోటోలు చూసి "ఈ మీసాల సోల్జర్లు ఎవరు తాతయ్యా, మన చుట్టాలా?" అని అడిగారు కదా. చెప్పేలోపే స్కూలు బస్సు వచ్చేసింది. అందుకే ఈ ఉత్తరం.

చుట్టాలు కారు. నూట యాభై ఏళ్ల కిందట, మీరుండే అమెరికాలోనే, పడమటి మైదానాల్లోని కోటల్లో ఉద్యోగం చేసిన సైనికులు. అక్కడి మూలవాసుల నేలను లాక్కోవడానికి అమెరికా సైన్యం చేసిన యుద్ధాలను ఇండియన్ వార్స్ అంటారు. ఇండియన్ అంటే మనం కాదు. కొలంబస్ తాను దిగింది మన వైపే అనుకున్నాడు. ఆ పొరపాటు పేరు ఐదు వందల ఏళ్లయినా వాళ్లను వదల్లేదు.

నేను డాలస్ వచ్చిన మొదటిసారి చిన్నోడు ఇంకా ఉయ్యాల్లో ఉన్నాడు. మీ నాన్న ఓ శనివారం నన్ను ఓక్లహోమాలోని ఫోర్ట్ సిల్‌కి తీసుకెళ్లాడు. అక్కడ అపాచీలనే మూలవాసుల తెగ శ్మశానంలో రాళ్లు పేర్చి కట్టిన ఓ సమాధి, దాని మీద రాతి గద్ద. అమెరికా సైన్యంతో పోరాడిన అపాచీ నాయకుడు జెరోనిమో సమాధి అది. 1886లో లొంగిపోయి, 1909లో చనిపోయేదాకా ఖైదీగానే ఉన్న మనిషి. ఆ యుద్ధాల నాటి ఫోటోలూ సంతకాలూ పోగేసే నా ఈ పిచ్చి అక్కడే మొదలైంది.

తిరుగుదారిలో ఓ పాత సామాన్ల కొట్లో "ఒరిజినల్" అని చెప్పి నలభై డాలర్లకు నాకో పాత ఫోటో అంటగట్టారు. ఇంటికొచ్చి భూతద్దం పెడితే ముఖం నిండా చుక్కలు, పేపర్లో వేసే బొమ్మలాగా. ఏదో పాత పుస్తకంలోంచి కత్తిరించి అట్టకు అంటించారు. అసలు ఫోటోలో చుక్కలుండవు, నీడ మెల్లగా కరిగిపోతుంది. మీ నాన్న ఇప్పటికీ ఆ నలభై డాలర్లు గుర్తుచేసి నవ్వుతాడు.

డబ్బాలో నాకిష్టమైనవి రేకు ఫోటోలు, టిన్‌టైప్‌లు. పేరులో టిన్ ఉన్నా అది పలచటి ఇనుప రేకు. మధ్యలో కాగితం ముక్క పెట్టి అయస్కాంతం దగ్గరికి తెస్తే లాగుతుంది. దీనికి నెగటివ్ ఉండదు, కెమెరాలో పడ్డ రేకే ఫోటో. కాబట్టి అద్దంలోలాగా కుడి ఎడమవుతుంది. బిల్లీ ది కిడ్ అని ఓ దొంగ ఉండేవాడు. అతని రేకు ఫోటోలో పిస్తోలు ఎడమ వైపు కనబడుతుంది. ఎడమచేతి వాటమని జనం ఏళ్ల తరబడి నమ్మారు. చేతిలోని వించెస్టర్ తుపాకీని చూస్తే గుట్టు తెలుస్తుంది: తూటాలు ఎక్కించే రంధ్రం కుడి పక్కన ఉండాలి, అందులో ఎడమ పక్కన ఉంది. 2011లో ఆ రేకు ముక్క ఇరవై మూడు లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది! సైనికుల ఫోటోల్లోనూ అంతే, బెల్టు బకిల్ మీద యూఎస్ అక్షరాలు తిరగబడి ఉంటాయి.

కాగితం ఫోటోలకు గుడ్డు తెల్లసొన పూసేవారు. ఆ కాగితం పలచగా ఉండి చుట్టుకుపోయేది, అందుకే గట్టి అట్టకు అంటించేవారు. ఆ అట్ట వెనక వైపే అసలు కథ. ఫోటోగ్రాఫర్ పేరు, ఊరు అక్కడే అచ్చయి ఉంటాయి. ఆ యుద్ధాల మనుషుల్ని ఫోటోలు తీసిన బిస్మార్క్ ఊరి డి.ఎఫ్. బ్యారీ పేరో, మోంటానాలో ఎల్.ఎ. హఫ్‌మన్ పేరో కనిపిస్తే నాకు ఆ పూట అన్నం సయించదు. కొన్నిటికి వెనక చిన్న పన్ను స్టాంపు ఉంటుంది. అమెరికా అంతర్యుద్ధం ఖర్చులకని ప్రభుత్వం ఫోటోల మీద పన్ను వేసింది, 1864 సెప్టెంబరు నుంచి 1866 ఆగస్టు దాకా మాత్రమే. స్టాంపు ఉందంటే ఆ రెండేళ్లలో అమ్మిన ఫోటో అన్నమాట.

ఇంకో తమాషా. అప్పటి కెమెరా పలకలకు పసుపు సరిగా కనబడేది కాదు. గుర్రపుదళం వాళ్ల ప్యాంటు మీది పసుపు పట్టీ ఫోటోలో నల్లగా పడుతుంది. లేత నీలమేమో తెల్లగా వెలిసిపోతుంది. ఆకాశం ఎప్పుడూ ఖాళీగా ఉండేదీ అందుకే.

ఎక్కువ ఫోటోల్లో ఉన్నదెవరో తెలియదు. వెనక పెన్సిల్‌తో పేరు రాసి ఉంటే మాత్రం పండగే. వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో సైన్యంలో చేరినవాళ్ల రిజిస్టర్లు ఉన్నాయి. పుట్టిన ఊరు, చేసే పని, ఎత్తు, కళ్ల రంగు కూడా రాసుకున్నారు. చాలామంది ఐర్లండ్ నుంచో జర్మనీ నుంచో కూటి కోసం వచ్చినవాళ్లు.

ఇక సంతకాలు. ఆ యుద్ధాల్లో పేరుపడ్డ సైన్యాధికారులు కస్టర్, మైల్స్ ఇద్దరూ 1839లోనే పుట్టారు. కస్టర్ సైనిక కాలేజీలో 34 మందిలో 34వవాడు. (నీ మార్కులకు ఇది సాకు కాదురా చిన్నోడా.) 1876 జూన్ 25న లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర లకోటా, షయాన్ తెగల వీరుల చేతిలో, 36 ఏళ్లకే చచ్చిపోయాడు. జెరోనిమో లొంగిపోయింది మైల్స్‌కే. ఆ మైల్స్ 1925 దాకా బతికి కాగితాల మీద సంతకాలు పెడుతూనే ఉన్నాడు. అందుకే కస్టర్ సంతకం ధర వింటే కళ్లు తిరుగుతాయి, మైల్స్‌ది నాలాంటి పెన్షనర్ కూడా కొనొచ్చు. కొనేముందు ఓ పని చేస్తాను. కిరాణా కొట్లో దొంగనోట్లు చూసే నీలి లైటు ఉంటుంది చూడండి, అది వేస్తాను. సుమారు 1950 తర్వాతి కాగితాల్లో తెల్లదనం కోసం కలిపిన మందు దాని కింద మెరుస్తుంది. కాగితం మెరిసిందా, వెంటనే తిరిగిచ్చేస్తాను.

జెరోనిమో సంతకం కథ వేరు. 1904లో సెయింట్ లూయిస్ ఎగ్జిబిషన్‌కి ఆయన్ని ఖైదీగానే తీసుకెళ్లి జనానికి చూపించారు. ఫోటో పాతిక సెంట్లకు అమ్మితే పది సెంట్లు తనకిచ్చేవారని, సంతకానికి పది, పదిహేను, పాతిక సెంట్లు తీసుకుని ఆ డబ్బంతా తానే ఉంచుకునేవాడినని తన జీవిత కథలో చెప్పుకున్నాడు. ఒక్కో అక్షరం బొమ్మ గీసినట్టు గీసేవాడు. లకోటాల నాయకుడు సిట్టింగ్ బుల్ ఇంకా గట్టివాడు. 1885లో బఫెలో బిల్ అనే ఆయన ఊరూరా నడిపే ప్రదర్శనలో చేరేటప్పుడే, తన ఫోటోలూ సంతకాలూ అమ్ముకునే హక్కు తనదేనని ఒప్పందంలో రాయించుకున్నాడు. మరో లకోటా వీరుడు క్రేజీ హార్స్ అయితే ఫోటోకే చిక్కలేదు. ఆయనది అని ఎవరు ఏది చూపించినా నేను నమ్మను, మీరూ నమ్మకండి.

నేను కొననివి కూడా ఉన్నాయి. 1890 డిసెంబరు 29న వూండెడ్ నీ అనే చోట సైన్యం లకోటా ఆడవాళ్లనీ పిల్లల్నీ కూడా చంపింది. తర్వాత మంచులో బిగుసుకుపోయిన ఆ శవాలను ఫోటోలు తీసి అట్టలకు అంటించి అమ్మారు. అవి మ్యూజియంలో ఉండాలి గానీ నా డబ్బాలో కాదు. ఒకసారి చవగ్గా దొరికాయి. వద్దని వచ్చేశాను.

అమ్ములూ, మీ వీధి చివర గరాజ్ సేల్‌లో రేకు మీద ఓ సోల్జర్ ఫోటో చూశానన్నావు. బకిల్ మీది అక్షరాలు ఎటు తిరిగి ఉన్నాయో చూసి చెప్పు. చూపుడు వేలు ముఖం మీద పెట్టకు, అంచులు పట్టుకో. ఫోన్‌తో రెండు ఫోటోలు తీసి పంపు. ఒకటి వెనక వైపుది.

ఇట్లు,
మీ తాతయ్య