నెట్‌వర్క్ ఫైల్ నిల్వ ప్రమాణాల ముసాయిదా సమీక్ష: అపోహలు - వాస్తవాలు

కాలేజీ ల్యాబులో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా మీ ఫైళ్లు మీ ముందుకు వస్తున్నాయంటే, చాలాచోట్ల దాని వెనక ఉండేది ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్), అంటే వేరే కంప్యూటర్‌లో ఉన్న ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా వాడుకునే పద్ధతి. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ దీన్ని రూపొందించింది. ఆ తర్వాత దీని బాగోగులు ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐఈటీఎఫ్ చేతికి వచ్చాయి. కొత్త నియమం ఏది చేర్చాలన్నా అక్కడ ముందుగా ముసాయిదా వస్తుంది. దాన్ని ఎవరైనా చదివి తప్పులు చూపాలి. వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ఇంజినీరింగ్ కాలేజీల్లో ఈ పని చేయగల పిల్లలు ఎందరో ఉన్నారు. వాళ్లను వెనక్కి లాగుతున్నది తెలివితేటల కొరత కాదు, కొన్ని అపోహలు.

అపోహ: ఇది పెద్ద కంపెనీల నిపుణుల పని, మన మాట ఎవరు వింటారు?

ఐఈటీఎఫ్‌లో సభ్యత్వం అనేదే లేదు. ముసాయిదాలన్నీ ఉచితంగా దొరుకుతాయి. ఓట్లు లెక్కపెట్టి తేల్చే పద్ధతి అక్కడ లేదు. ఒక అభ్యంతరం వస్తే దానికి సాంకేతికంగా సమాధానం దొరికిందా లేదా అన్నదే చూస్తారు. వందమంది సరేనన్నా, ఒక్కరు చూపిన లోపానికి జవాబు లేకపోతే పని పూర్తయినట్టు కాదు. ఐఈటీఎఫ్ పత్రాలు నంబర్లతో ఆర్ఎఫ్‌సీలుగా వెలువడతాయి; 2014 నాటి ఆర్ఎఫ్‌సీ 7282 ఈ సంగతిని వివరంగా చెబుతుంది. మడికొండలో కూర్చుని రాసినా, కాలిఫోర్నియాలో కూర్చుని రాసినా అభ్యంతరం బరువు దాని వాదనను బట్టే ఉంటుంది.

అపోహ: సమీక్ష అంటే ఇంగ్లిష్ తప్పులు దిద్దడం.

అక్షరదోషాలు చివర్లో సంపాదకులు ఎలాగూ చూస్తారు. సమీక్షకులు వేయాల్సిన ప్రశ్న వేరు. ఒకరినొకరు ఎరగని ఇద్దరు ఈ పత్రం ఒక్కటే చదివి, ఒకరు ఫైళ్లు దాచి ఇచ్చే సర్వర్ ప్రోగ్రామ్, ఇంకొకరు వాటిని అడిగే క్లయింట్ ప్రోగ్రామ్ రాస్తే, ఆ రెండూ కలిసి పనిచేస్తాయా? మధ్యలో ఏదైనా చెడిపోతే వాడుకదారుడి డేటా మిగులుతుందా? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని వాక్యం వాక్యం చదవగలిగితే చాలు. మీ ఇంగ్లిష్ సాదాసీదాగా ఉన్నా ఫరవాలేదు.

అపోహ: ప్రోగ్రామ్ నడుస్తోంది కదా, ముసాయిదా సరిగ్గా ఉన్నట్టే.

ఇక్కడ కాస్త ఆగి వివరంగా చెప్పాలి. డేటా పోయేది ఎక్కువగా ఇలాంటి నమ్మకం దగ్గరే.

ఎన్ఎఫ్ఎస్ రెండో వెర్షన్‌లో సర్వర్ ప్రతి రాతనూ డిస్కుకు చేర్చాకే జవాబు ఇవ్వాలి. భద్రమే, కానీ నెమ్మది. 1995లో ఆర్ఎఫ్‌సీ 1813గా వచ్చిన మూడో వెర్షన్ ఈ పద్ధతిని సడలించింది. సర్వర్ డేటాను మెమరీలో ఉంచుకుని కూడా అందిందని చెప్పవచ్చు. దాంతోపాటు 8 బైట్ల గుర్తు ఒకటి పంపుతుంది. తర్వాత క్లయింట్ 'కమిట్' అడిగితే డేటాను డిస్కుకు చేర్చి, మళ్లీ ఆ గుర్తునే పంపుతుంది. ఈలోగా గుర్తు మారిందంటే సర్వర్ మధ్యలో పడిపోయి లేచిందని అర్థం. క్లయింట్ తన దగ్గర దాచుకున్న డేటానంతా మళ్లీ పంపాలి. చాలా అందమైన ఏర్పాటు ఇది.

ఇప్పుడు దీన్ని మన ఊరి కళ్లతో చదవండి. వేసవిలో ఈదురుగాలులకు కరెంటు పోయింది. యూపీఎస్ చేతులెత్తేసింది. సర్వర్ పాతది, లోపల గడియారాన్ని నడిపే బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. ఆ సర్వర్ తాను లేచిన సమయాన్నే గుర్తుగా వాడుతోంది. ప్రతిసారీ గడియారం ఒకే తేదీ నుంచి మొదలైతే, పాత గుర్తు, కొత్త గుర్తు ఒకటే అయ్యే ప్రమాదం ఉంది. అప్పుడు క్లయింట్ అంతా భద్రమే అనుకుని తన నకలును వదిలేస్తుంది. డేటా ఇటూ ఉండదు, అటూ ఉండదు. కరెంటు పోని ల్యాబులో ఎన్నాళ్లు పరీక్షించినా ఇది బయటపడదు. "సర్వర్ పడిపోయి లేచిన ప్రతిసారీ గుర్తు మారాలి" అని పత్రంలో ఉంటే సరిపోదు. సమయం మీద ఆధారపడితే ఏమవుతుందో కూడా రాయమని అడగాలి. కరెంటు కోతల మధ్య పెరిగినవాళ్లకు ఈ ప్రశ్న ఇట్టే తడుతుంది.

అపోహ: తప్పనిసరి నిబంధనలు ఎన్ని పెడితే ప్రమాణం అంత గట్టిది.

అమలు కాని నిబంధన వల్ల కీడే ఎక్కువ. దీనికి మన భాషకు దగ్గరి ఉదాహరణే ఉంది. 2003 నాటి ఆర్ఎఫ్‌సీ 3530 ఫైళ్ల పేర్లలో రకరకాల లిపులను ఎలా సరిచూడాలో స్ట్రింగ్‌ప్రెప్ అనే పద్ధతితో నిర్దేశించింది. సర్వర్లు రాసినవాళ్లు దాన్ని పాటించలేదు. చివరికి 2015లో ఆర్ఎఫ్‌సీ 7530 ఆ భాగాన్ని తిరగరాసి వాస్తవానికి దగ్గరగా తెచ్చింది.

తెలుగు పేర్లతో ఇది ఎక్కడ తగులుతుందో చూడండి. మార్కెట్ యార్డులో ఎవరో 'రైతులు' అనే పేరుతో ఫైలు పెట్టారనుకుందాం. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, రెండు ముక్కలుగానూ రాయవచ్చు. మొదటి తీరులో ఆ పేరు 18 బైట్లు, రెండో తీరులో 21 బైట్లు. తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి. పేర్లను బైట్లుగానే చూసే లినక్స్ సర్వర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు ఫైళ్లు. ఒకరు దాచిన జాబితా ఇంకొకరు వెతికితే దొరకదు. ఇంకో సంగతి. లినక్స్‌లో సాధారణంగా ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. తెలుగు సంకేతం ప్రతిదీ 3 బైట్లు, 'క్షే' ఒక్కటే 12. ముసాయిదాలో పేరు పొడవును బైట్లలో చెప్పారా, అక్షరాల్లో చెప్పారా అన్నది అందుకే పట్టిపట్టి చూడాలి. ఇంగ్లిష్ పేర్లతో మాత్రమే పనిచేసేవాళ్లకు ఈ తేడా కనిపించకుండానే పోతుంది.

అపోహ: భద్రత గురించిన అధ్యాయం లాంఛనం, చదవకపోయినా నష్టం లేదు.

నేనైతే మొదట అదే తెరుస్తాను. ఎన్ఎఫ్ఎస్‌లో పాతకాలం నుంచి వాడుకలో ఉన్న పద్ధతిలో క్లయింట్ "నేను ఫలానా నంబరు వాడుకదారుణ్ని" అంటే సర్వర్ నమ్మేస్తుంది. సమాచారం దారిలో ఎవరి కంటా పడకుండా టీఎల్ఎస్ అనే గూఢలిపి పద్ధతిని వాడే విధానం ఆర్ఎఫ్‌సీ 9289గా 2022లో వచ్చింది. అవతలివైపు టీఎల్ఎస్ లేదని తెలిస్తే కనెక్షన్ ఆగాలా, లేక చప్పుడు లేకుండా పాత పద్ధతిలోనే సాగిపోవాలా? భద్రత గురించి చెప్పే ఏ ముసాయిదాలోనైనా ఈ సందర్భానికి జవాబు వెతకండి.

అపోహ: ప్రచురించాక తప్పులుంటే దిద్దుకోవచ్చు.

ఆర్ఎఫ్‌సీ ఒకసారి వెలువడ్డాక అందులో అక్షరం మారదు. తప్పొప్పుల పట్టిక విడిగా ఉంటుంది, కానీ ఎందరు దాన్ని తెరిచి చూస్తారు? నిజంగా మార్చాలంటే కొత్త నంబరుతో కొత్త పత్రం రావాలి. ఎన్ఎఫ్ఎస్ 4.1 వెర్షన్ 2010లో ఆర్ఎఫ్‌సీ 5661గా వస్తే, దాని స్థానంలో 8881 వచ్చేసరికి 2020 అయింది. పదేళ్లు! ముసాయిదా ఒక్కో ప్రతికి గడువు ఆరు నెలలే, ఆపై సాగాలంటే కొత్త ప్రతి రావాలి. మాట్లాడాల్సింది అది ముసాయిదాగా ఉండగానే.

మొదలుపెట్టాలనుకునేవాళ్లు వందల పుటల 8881 జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఫైళ్లకు అదనపు లక్షణాలు జోడించడం గురించి 2017లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 8276 చిన్నది, చక్కగా రాసినది. అందులో ఒక ఆపరేషన్ (సర్వర్‌ను క్లయింట్ చేయమని అడిగే పని) తీసుకుని, ఏ సందర్భంలో సర్వర్ ఏ జవాబు ఇవ్వాలో కాగితం మీద రాయండి. మీ స్నేహితుణ్నీ విడిగా రాయమనండి. తర్వాత ఇప్పుడు నడుస్తున్న ముసాయిదా ఒకటి తెచ్చుకుని అదే పని చేయండి. ఇద్దరి కాగితాలూ ఎక్కడ వేరుపడితే అక్కడ పుట, పేరా నంబరు వేసి, రెండు అర్థాలూ రాసి, మీ దృష్టిలో ఏ వాక్యం ఉంటే సరిపోతుందో కూడా రాసి రచయితలకు పంపండి.