కరాటే మాస్టారు దేవుడేం కాదండీ: కొన్ని అపోహలు, వాస్తవాలు

అమలాపురంలో పిల్లలకు కరాటే నేర్పుతుంటాను. పిల్లల్ని చేర్పించడానికి వచ్చేవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది. "మావాడు ఇంట్లో మాట వినడండి. మీరు నాలుగు తగిలించండి, మేమేం అనుకోం." ఆయ్, అసలు ప్రమాదం ఇదేనండీ.

అపోహ: బ్లాక్‌బెల్టు ఉన్నాయన నడతలోనూ గొప్పవాడు, ఆయన్ని ప్రశ్నించకూడదు.

వాస్తవం: బెల్టు పరీక్షలో చూసేది కటా (ఒంటరిగా వరసగా చేసి చూపే కదలికలు), కుమిటే (ఎదుటివాడితో తలపడటం). గుణం కాదు. కరాటేలో, దాన్ని జపాన్‌లో వ్యాప్తి చేసిన గురువు ఫునకోషి మొదటి బ్లాక్‌బెల్టులు ఇచ్చింది 1924లో, అదీ జూడోని చూసి తెచ్చిన పద్ధతి. మాస్టార్ని పిలిచే 'సెన్సెయ్' అన్న జపనీస్ మాటకు అక్షరార్థం ముందు పుట్టినవాడని, అంతే. మన ఊరి దసరా ఊరేగింపులో చేసే కత్తి, కర్ర విన్యాసాలు, అదే చెడీ తాలింఖానాలో కళ్లకు గంతలు కట్టుకుని కత్తి తిప్పేవాళ్లకి చప్పట్లు కొడతాం. ఇంటి తాళాలు ఇచ్చేస్తామా?

నా చిన్నప్పుడు మా మాస్టారు వెదురు బెత్తంతో మోకాలి వెనక కొట్టేవారు. స్టాన్స్ (నిలబడే తీరు) తప్పినందుకు కాదు, ఫీజు ఆలస్యమైనందుకు. ఇంట్లో చెబితే నాన్న, "నువ్వేదో చేసుంటావులే" అన్నారు. ఆ తర్వాత అక్కడ ఏం జరిగినా ఇంట్లో చెప్పలేదు.

"నాలుగు తగిలించండి" అని పిల్లాడి ఎదుటే మీరంటే వాడికీ అదే అర్థమవుతుంది. రేపు తలుపులేసుకుని 'స్పెషల్ కోచింగ్' అన్నా, టోర్నమెంటుకెళ్లినప్పుడు మాస్టారి గదిలోనే పడుకోమన్నా వాడు నోరు విప్పడు. విప్పితే మాత్రం నమ్మండి. పరువు అంటూ కూర్చోకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లలపై లైంగిక వేధింపు తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం.

అలాగని టెన్షన్ పడి రేపే మాన్పించేయకండి. వెళ్లి క్లాసు చూడండి. చూడనివ్వకపోతే అప్పుడు మాన్పించండి.

అపోహ: కరాటే నేర్చుకుంటే రౌడీలవుతారు. ఉత్తిదే. బ్లాక్‌బెల్టు వస్తే చేతుల్ని ఆయుధాల్లా పోలీస్ స్టేషన్లో రిజిస్టర్ చేయించాలట! అదీ ఉత్తిదే. ఆ వాట్సాప్ మెసేజ్ నాకు పంపడం ఇక ఆపండి బాబూ.

మా క్లాసులో వెనకాల రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుంచాను. ఒకావిడ మూడు రోజులు కూర్చుని చూసి, "సిమెంటు గచ్చు మీద పిడికిళ్లతో దండీలు ఎందుకండీ మాస్టారూ, తోలు లేచిపోతోంది" అన్నారు. మా మాస్టారు చేయించారు, నేనూ చేయిస్తున్నాను. అంతకుమించి నా దగ్గర సమాధానం లేదు. మర్నాడు చాపలు కొన్నాను.